గుడివాడ పుంజు

పొదగేసిన గుడ్లలో ఒక్కదాంట్లోనూ పిల్ల పడలేదు.

ముత్యాలమ్మ గంపలోంచి గుడ్లు ఒక్కొక్కటే తీసి మగ్గం గదిలో అద్దం పెంకు కింద నిలబడి చూస్తోంది. పెదనలో నేతవాళ్ళ ఇళ్ళలో మగ్గం మీదికి వెలుతురు పడాలని పైకప్పులో ఒకచోట మట్టి పెంకు బదులు అద్దం పెంకు వేస్తారు. పొద్దెక్కాక అందులోంచి ఎండ నిటారుగా దిగుతుంది. ఆ ఎండకి ఎదురుగా గుడ్డును పిడికిట్లో పట్టుకుని ఒంటి కన్నుతో చూడాలి. పిల్ల పడ్డ గుడ్డయితే లోపల సన్నటి ఎర్ర నరాలూ, మధ్యలో ఒక నల్లచుక్కా కనిపిస్తాయి. పడకపోతే గుడ్డంతా లేత పసుపుగా, ఖాళీగా ఉంటుంది. ముత్యాలమ్మ ఆఖరి గుడ్డు కూడా చూసి గంపలో పెట్టింది. బోడిమెడ పెట్ట మాత్రం ఆ గంప చుట్టూనే గొణుక్కుంటూ తిరుగుతోంది. వారం రోజులుగా తిండీ నీళ్ళూ సరిగ్గా లేకుండా కూర్చుంది. ఎందుకు లేపారో దానికేం తెలుసు.

"ఏమైందే?" అంది సీతారావమ్మ, కండెలు చుట్టే రాట్నం ఆపి.

"వట్టివే అత్తయ్యా. అన్నీ వట్టివే."

"పుంజుదే తప్పు." సీతారావమ్మకి తీర్పు చెప్పడానికి ఎప్పుడూ ఎక్కువసేపు పట్టదు. "పెట్టలకేం తక్కువే? పోయిన నెల నల్లదాన్ని అద్దకం వాళ్ళ పెరట్లో వదిలామా? అక్కడ పెట్టిన గుడ్లు దాదాపు అన్నీ లేచాయా? అదే పెట్ట, అవే నూకలు. మన పెరట్లోకి వచ్చేసరికి దానికి ఏం రోగం వచ్చింది? ఏ రోగమూ రాలేదు. పుంజులో పస లేదు. పుంజును మార్చాలి."

మగ్గం గుంటలో కూర్చున్న ఆవిడ కొడుకు వెంకటరత్నం నాడె ఆపకుండా నేస్తూనే ఉన్నాడు గానీ, పోగు తెగింది. ముడి వేయడానికి వంగాడు. ముడి వేశాక కూడా కాసేపు తల ఎత్తలేదు.

"మరి కొత్త పుంజు ఎక్కణ్ణించి తెస్తాం?" అంది ముత్యాలమ్మ, మొగుడి వంక చూడకుండా.

"ఎలాగూ గురువారం గుడివాడ వెళ్తున్నారుగా. అక్కడ పశువుల ఆస్పత్రిలో ఇప్పుడు జాతి పుంజుల్ని కూడా ఇస్తున్నారట. రెండు పనులూ ఒక దారినే అయిపోతాయి."

ఆ రెండో పని మాట వచ్చేసరికి సీతారావమ్మ గొంతు కొంచెం తగ్గింది. రాట్నం మళ్ళీ తిప్పడం మొదలుపెట్టింది.

సీతారావమ్మ చెడ్డమనిషి అని ఎవరైనా అంటే ముందు ముత్యాలమ్మే ఊరుకోదు. కాపరానికి వచ్చిన కొత్తలో తనకి టైఫాయిడ్ వస్తే ఆవిడే పక్కన కూర్చుని రాత్రింబవళ్ళు కాళ్ళు పట్టింది. కోడలికి ముందు పెట్టకుండా ఒక్క పండూ తినదు. అలాంటి మనిషే మొన్న కోడలికి తల దువ్వుతూ దువ్వుతూ, "పదేళ్ళు దాటిపోయిందే తల్లీ. ఇంటికి ఒక నలుసు కావద్దా? గుడివాడలో మా పినతండ్రి మనవరాలు పుష్పావతి ఉంది. నెమ్మదైన పిల్ల. ఆ పిల్ల వచ్చినా నీ చోటు నీదే. వంటిల్లు నీదే, పెరడు నీదే. అది కంటే నువ్వే పెంచుదువుగాని," అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. అత్త ఏడుస్తుంటే ముత్యాలమ్మకీ ఏడుపొచ్చింది. ఇద్దరూ కలిసి బాగా ఏడ్చాక, చూస్తే ముత్యాలమ్మ ఒప్పుకున్నట్టే అయింది.

రెండో పెళ్ళి కూడదని చట్టం వచ్చి ఏళ్ళయింది. ఆ చట్టం బందరు కోర్టు దాకా వచ్చింది గానీ పెదన నేతవీధిలోకి ఇంకా రాలేదు. పిల్ల తండ్రి కోదండరామయ్య మాత్రం ఒక్క షరతు పెట్టాడు. పెద్దభార్య స్వయంగా తన ఇంటికి వచ్చి, తన చేత్తో పిల్లకి బొట్టు పెట్టి, పూలు ముడిచి అడగాలి. రేపు ఎవరూ, అయ్యో ఆ మొదటిదాని ఉసురు పోసుకున్నారు అని అనకూడదు. మర్యాదస్థుడు, అన్నీ ముందే చూసుకునే మనిషి. ఆ బొట్టు పడితే ఇంట్లో ముత్యాలమ్మ చోటు ఉంటుంది. పడకపోతే ఏమవుతుందో ఎవరూ నోటితో అనలేదు. అనకపోయినా ఆవిడకి అర్థమైంది.

*

ఆదివారం పాత పుంజును కోశారు.

ఆ పుంజు చూడ్డానికి ఎంత బాగుండేదని! పందేల వాళ్ళు డేగ అనే ఎర్ర రంగు. మెడచుట్టూ పసుపు ఈకలు. అది కూస్తే స్టేషను దాకా వినపడేది. దాని దెబ్బకి ఆ వీధిలో పుంజులన్నీ గోడ దిగేవి కావు. వెంకటరత్నం దాన్ని పిల్లప్పటినుంచీ పెంచాడు, భుజం మీద కూర్చోబెట్టుకుని టీకొట్టుకి తీసుకెళ్ళేవాడు. కోసేది నావల్ల కాదని ముందే చెప్పేశాడు. అద్దకం వాళ్ళబ్బాయి వచ్చి ఆ పని చేసి వెళ్ళాడు.

ముత్యాలమ్మ బావిగట్టు దగ్గర వేణ్ణీళ్ళలో ముంచి ఈకలు పీకింది. పసుపు రాసి కొబ్బరాకుల మంట మీద కాల్చింది. కత్తిపీట ముందు కూర్చుని పొట్ట తెరిచింది. వెన్నుకి అంటుకుని లోపల, మంచి పుంజుకైతే చిక్కుడు గింజల్లా తెల్లగా నిండుగా ఉండాల్సిన బీజాలు రెండూ, ఎండి ముడుచుకుపోయి కందిగింజలంత ఉన్నాయి. వాటిని వేలితో పక్కకి తీస్తుంటే వెనక నీడ పడింది.

"చూశావా! నేనన్లా?" అంది సీతారావమ్మ వంగి చూస్తూ. "పైకి మాత్రం రాజావారు. లోపల చూస్తే ఇదీ సంబడం. ఇన్నాళ్ళూ పాపం పెట్టల్ని తిట్టాం." ఆవిడ నవ్వింది. అందులో ఏ ఎత్తిపొడుపూ లేదు. నిజంగానే పుంజు గురించే మాట్లాడుతోంది.

బావిలోంచి నీళ్ళు తోడుతున్న వెంకటరత్నం కూడా వంగి చూశాడు. చూసి చేద గట్టు మీద పెట్టాడు. పెట్టినచోట అది ఒరిగి నీళ్ళన్నీ కిందికి పోయాయి. వాటిని చూసుకోకుండానే లోపలికి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం భోజనంలో కూర వడ్డించబోతే కడుపులో బాగోలేదని చెయ్యి అడ్డం పెట్టి మజ్జిగన్నం తిని లేచాడు.

ముత్యాలమ్మ తలుపు పక్కన నిలబడి ఆయన చెయ్యి కడుక్కోవడం చూసింది. ఆయనకి తెలుసు అనుకుంది. తనకి తెలిసినట్టే ఆయనకీ తెలుసు.

నాలుగేళ్ళ కిందట బందరు ఆస్పత్రిలో డాక్టరమ్మ అన్నీ పరీక్ష చేసి, "నీలో ఏ లోపమూ లేదమ్మా. మీ ఆయన్ని ఒకసారి రమ్మను," అంది. ఆయన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. వెళ్ళి చెప్పింది. "నూలు కొట్టు మూసేస్తారు, పద," అని ఆయన ముందు నడిచాడు. ఇంటికొచ్చాక తల్లి అడిగితే దైవానుగ్రహం ఉండాలన్నారని చెప్పాడు. ఆ మాటని ముత్యాలమ్మ కాదనలేదు. కాదంటే ఆయన మొహం ఎలా అవుతుందో ఊహించుకోలేకపోయింది. మంచి మనిషి, ఒక్కనాడు చెయ్యెత్తలేదు, కల్లు ముట్టడు. ఇలాంటి మొగుణ్ణి పదిమందిలో చిన్నబుచ్చితే తనకేం ఒరుగుతుంది? అలా దాచిన మాట నాలుగేళ్ళూ కడుపులోనే ఉండిపోయింది. దాచినందుకు వీధిలో ఆడవాళ్ళు పసిపిల్లల్ని తనకి అందించకుండా పక్కకి తిప్పుకోవడం చూస్తూ బతికింది.

*

గురువారం పొద్దున్నే పాసింజరు ఎక్కారు. సీతారావమ్మ కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, కనకాంబరాల దండ ఒక సంచిలో సర్ది ఇచ్చింది. ఇంకో చేతికి ఖాళీ గంప ఇచ్చింది. "తెల్ల పుంజు తెండి. ఆ తెల్లజాతి గుడ్లు తెగ పెడుతుందిగా," అని గుమ్మంలోంచి మరీ చెప్పింది.

"పుంజు సంగతి ముత్యాలుకి తెలుసులే," అన్నాడు వెంకటరత్నం.

పశువుల ఆస్పత్రి వెనక తీగె దొడ్లు ఉన్నాయి. ఏసుపాదం అనే కాంపౌండరు, సన్నగా పొడుగ్గా ఉన్న మనిషి, బెంచీ మీద కూర్చున్నవాడు లేచి వచ్చాడు. ఏ పుంజు కావాలమ్మా అని అడక్కుండా, "మీ పెరట్లో ఏమేం ఉన్నాయమ్మా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకే ముత్యాలమ్మకి ఆయన మీద గురి కుదిరింది.

"అన్నీ కలగలుపేనండీ. నాటు పెట్టలు నాలుగున్నాయి. ఒక బోడిమెడది. పోయినేడు ఇక్కణ్ణించే తీసుకెళ్ళిన తెల్లవి రెండు."

"ఆ తెల్లవి పొదుగుతున్నాయా?"

"అబ్బే, గుడ్డు పెట్టడం, లేచిపోవడం. వాటి గుడ్లు కూడా బోడిమెడదాని కిందే పెడతాను."

"అదేనమ్మా, ఆ జాతికి పొదుగుడు రాదు." ఆయన తెల్ల పుంజు ఉన్న దొడ్డి తలుపు తట్టాడు. "ఇదేస్తే గుడ్లు ఎక్కువొస్తాయి. కానీ పిల్లలు తల్లుల్లా పొదగవు. రెండేళ్ళు పోతే మీ పెరట్లో గుడ్ల మీద కూర్చునే పెట్ట ఉండదు. పైగా తెల్ల పిల్లలంటే గద్దకి మరీ సులువు. ఇదిగో, ఈ ఎర్రది రోడైలెండు జాతి. మనిషి నెమ్మది. గుడ్డు పెద్దదవుతుంది, పిల్లకి ఒళ్ళొస్తుంది, పొదుగుడూ కాస్త మిగుల్తుంది. బరువు మాత్రం ఎక్కువ, మీ చిన్న పెట్టల నడుములు జాగ్రత్త."

ముత్యాలమ్మ లోపలికి వంగి ఎర్రపుంజుల్ని ఒక్కొక్కటే ఎత్తి చూసింది. కాళ్ళు తడిమింది, వేళ్ళ సందుల్లో పొక్కులున్నాయేమో చూసింది, ఎదురొమ్ము ఎముక మీద చెయ్యి ఆనించి కండ చూసింది. మరీ పెద్దది వద్దనుకుంది. బాగా కూస్తున్నదాన్నీ వదిలేసింది. మూలగా నిలబడి గింజలు దొరికితే పక్కనున్న పెట్టని పిలుస్తున్న పుంజు ఒకటి కనిపించింది. దాన్ని చంకలో పెట్టుకుంది.

"ఇది ఇప్పించండి. అత్తయ్య తెల్లదన్నారు, నేను సర్దిచెప్పుకుంటాను."

ఏసుపాదం పుంజు కాళ్ళకి తాడు కడుతూ, "పాతదేమైందమ్మా?" అని అడిగాడు. గుడ్లు లేవలేదని, మంచి పౌరుషమైన పుంజని, స్టేషను దాకా కూత వినపడేదని చెప్పింది.

"కూతకీ దానికీ సంబంధం లేదమ్మా. పౌరుషానికీ లేదు. పెట్టల మీద పడుతూనే ఉంటుంది, చూసేవాళ్ళకి అంతా బాగున్నట్టే ఉంటుంది. దొడ్డికి ఒకటైనా అలాంటిది తగుల్తుంది. మనవాళ్ళు ముందు పెట్టల్ని మారుస్తారు, తర్వాత గంప మారుస్తారు, ఆఖరికి గాని పుంజు దగ్గరికి రారు."

అప్పటిదాకా కానుగచెట్టు కింద నిలబడి ఉన్న వెంకటరత్నం దగ్గరికొచ్చాడు. "మరి," అని ఆగాడు. "ఆ సంగతి పుంజుకి తెలుస్తుందాండీ?"

ఏసుపాదం నవ్వాడు. "దానికేం తెలుస్తుందండీ! రోజూలాగే కూస్తుంది."

వెంకటరత్నం నవ్వలేదు. తల ఊపి, పుంజును అందుకుని, దాన్ని గంపలో పెట్టడానికి చాలాసేపు తంటాలు పడ్డాడు. ముత్యాలమ్మకి గుండె కరిగిపోయింది. ఇంతకాలానికి ఆ మాట ఆయన నోట్లోంచి ఏదో ఒక దారిన బయటికొచ్చింది. ఇంకేం అక్కర్లేదు, ఇక్కణ్ణించే వెనక్కి తిరిగితే చాలు. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. పిల్లలు లేకపోతే లేకపోయారు, ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ బతకొచ్చు.

ఆస్పత్రి గేటు దాటాక అంది. "ఏమండీ, ఇంటికెళ్ళిపోదాం. పిల్లకి జాతకం కుదరలేదని అత్తయ్యకి చెబుదాం."

ఆయన రోడ్డు వంకే చూస్తూ నడిచాడు. చాలాదూరం పోయాక, "అమ్మ మాటిచ్చింది," అన్నాడు. ఇంకొంచెం దూరం పోయాక, "వేరే మనిషైతే ఏమో. ఎవరు చెప్పగలరు?" అన్నాడు. నడక జోరు పెంచాడు. ఆవిడ గంప ఎత్తుకుని వెనకాల పరిగెత్తాల్సి వచ్చింది.

*

కోదండరామయ్య ఇల్లు రైసుమిల్లు వెనక సందులో ఉంది. వాకిలంతా ఊక దుమ్ము. ఆయన మిల్లులో గుమాస్తా. కుర్చీలు వేయించి, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిప్పించి, మర్యాదలన్నీ చేశాడు. పిల్ల వచ్చి కూర్చుంది. పుష్పావతికి పద్దెనిమిదేళ్ళుంటాయో లేదో. వేసిన జడ అప్పుడే ఊడిపోతోంది. అందరూ మాట్లాడుకుంటుంటే తను గంప వంకే చూస్తోంది. కాసేపటికి ఉండబట్టలేక లేచి, గ్లాసులో నీళ్ళు తెచ్చి గంప సందులోంచి పుంజుకి పట్టింది.

"దప్పికేసింది అక్కా దీనికి. చూడు ఎలా తాగుతోందో!" అంది ముత్యాలమ్మతో.

ఎవరూ అనమనకుండానే అక్కా అనేసింది. ముత్యాలమ్మ సంచిలోంచి కుంకుమ భరిణె తీసింది. మూత తీసింది. ఉంగరం వేలుతో అద్దుకుంది కూడా. ఇంక పిల్ల నుదురు ముందుకి చెయ్యి చాపడమే తరవాయి.

"ఒక్కమాటమ్మా," అన్నాడు కోదండరామయ్య. "నువ్వు చిన్నదానివైనా అడుగుతున్నాను, ఏమీ అనుకోకు. ఇది నీ ఇష్టంతోనేనా? డాక్టర్లకి చూపించుకున్నారా? లోపం నీదేనని తేల్చారా?"

వెంకటరత్నం ముత్యాలమ్మ వంక చూశాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన అలా చూడలేదు. బతిమాలుతున్నాడు. ఆ చూపుకి లొంగిపోవాలనే ఆవిడకి అనిపించింది. అవునండీ అంటే సరిపోతుంది. ఒక్క ముక్క. సాయంత్రానికి పెదనలో ఉంటుంది, వంటిల్లు తనది, పెరడు తనది, అత్తయ్య రేపు కూడా తల దువ్వుతుంది. ఈ పిల్ల వస్తుంది. ఏడాది గడుస్తుంది, రెండేళ్ళు గడుస్తాయి. అత్తయ్య ఈ పిల్లకీ తల దువ్వడం మొదలుపెడుతుంది. వీధిలో ఆడవాళ్ళు ఈ పిల్లని చూసి కూడా పసివాళ్ళని పక్కకి తిప్పుకుంటారు. అప్పుడీ పిల్ల తన దగ్గరికే వచ్చి, ఎందుకక్కా ఇలా అని అడుగుతుంది. ఎవర్ని అడుగుతుంది మరి!

పిల్ల ఇంకా గంప దగ్గరే గొంతుక్కూర్చుని ఉంది.

"నాలో లోపం లేదన్నారండీ," అంది ముత్యాలమ్మ. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "బందరులో డాక్టరమ్మ చూసింది. ఆయన్ని ఒకసారి చూపించుకోమంది. చూపించుకోలేదు."

ఎవరూ కేకలు వేయలేదు. కోదండరామయ్య రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి లేచాడు. తర్వాత కూతుర్ని లోపలికి వెళ్ళమన్నాడు. "ఎండన పడి వచ్చారు, కాఫీ తాగి వెళ్ళండి," అన్నాడు. వెంకటరత్నం అప్పటికే లేచి చెప్పులు తొడుక్కుంటున్నాడు. ఎడంకాలిది కుడికాలికి తొడుక్కుని, మళ్ళీ విప్పి తొడుక్కున్నాడు. ముత్యాలమ్మ వేలికున్న కుంకుమని దేనికి తుడుచుకోవాలో తెలియక, కొంగు లోపలివైపుకి తుడుచుకుంది.

*

తిరుగు రైల్లో జనం లేరు. ఇద్దరూ ఎదురుబొదురుగా కూర్చున్నారు, మధ్యలో గంప. వెంకటరత్నం కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. రెండువైపులా కోసిన చేలు, అక్కడక్కడా కుప్పలు. ఆయన తిట్టినా బాగుండుననిపించింది ఆవిడకి. తిడితే ఏడవొచ్చు, ఏడిస్తే ఆయనే ఊరుకోమంటాడు. ఆయన తిట్టలేదు. ఒకసారి పుంజు గంపలో కొట్టుకుంటే దాని మీది గుడ్డ సర్దాడు.

రైలు కవుతరంలో ఆగబోతుంటే అన్నాడు. "నువ్వు ఇక్కడ దిగు."

కవుతరంలో ముత్యాలమ్మ అన్న భూషణం ఉన్నాడు. చిన్న ఇల్లు, ఒక మగ్గం, ఇంటినిండా పిల్లలు.

"మీకు అన్యాయం చేద్దామని కాదండీ," అంది.

"తెలుసు," అన్నాడు ఆయన. కోపం లేదు. అది చూసే ఆవిడకి భయం వేసింది. "అమ్మకి నేను చెప్పుకోవాలి. నువ్వు పక్కనుంటే చెప్పలేను. దిగు."

ఆవిడ లేచింది. కుంకుమ సంచి తీసుకోవాలా వదిలేయాలా తెలియలేదు. వదిలేసింది. ప్లాట్‌ఫారం మీదికి దిగి, ఎటు తిరగాలో తోచక, ఆయన కిటికీ ముందే నిలబడింది. చేతిలో ఏమీ లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియడం లేదు. గార్డు పచ్చజెండా తీస్తున్నాడు.

"ముత్యాలూ," అన్నాడు వెంకటరత్నం. ఆవిడ కిటికీ చువ్వ పట్టుకుంది.

"దీన్ని ఇవాళే పెట్టల్లో వదిలేయొచ్చా?"

అర్థం కావడానికి ఆవిడకి ఒక క్షణం పట్టింది.

"వద్దు," అంది. "రెండు రోజులు గంప కిందే ఉంచండి, పెట్టలకి కనిపించేలా. కొత్తచోటు, బెదురుతుంది. సందెవేళ గూట్లో పెడితే తెల్లారేసరికి కలిసిపోతాయి." రైలు కదిలింది. ఆవిడ కూడా కదిలింది. "బోడిమెడది ముందు పొడుస్తుంది, దాన్ని ఆఖర్న వదలండి. బరువైన పుంజు కదా, నల్లపెట్టకి నడుం దెబ్బ తగుల్తుందేమో చూసుకోండి. నీళ్ళు మట్టిమూకుట్లోనే పెట్టండి, సత్తు గిన్నెలో వేడెక్కుతాయి. పొద్దున్నే నూకలు వేయమని అత్తయ్యకి చెప్పండి, ఆవిడ మర్చిపోతారు."

ఒక్కోదానికీ ఆయన చిన్నపిల్లాడిలా తల ఊపుతూనే ఉన్నాడు. చువ్వ చేతిలోంచి జారిపోయింది.

రైలు వెళ్ళిపోయాక కూడా ఆవిడ అక్కడే నిలబడి, ఇంకేమైనా చెప్పడం మర్చిపోయానా అని ఆలోచించుకుంది. అన్నీ చెప్పినట్టే ఉంది. తనని మళ్ళీ ఎప్పుడు రమ్మంటాడో మాత్రం ఆయన చెప్పలేదు, తను అడగలేదు.